ఏది ఫైనల్ నాయనా?

మొన్నొక ఆదివారం సాయంత్రం పక్కవీధి కుర్రాడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. సివిల్ డిప్లొమా చదివి ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నాడు. మా బరంపురం పిల్లలందరిలాగే ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పనిలో ఇంగ్లీషు.

"తాతగారూ, ఒక పాత బిల్డింగు వెనక కొత్త బ్లాకు కడుతున్నాం. నేల కింద నీళ్ల పైపు ఎటు పోతోందో అంతు చిక్కడం లేదు. డ్రాయింగులన్నీ ఇచ్చారు గానీ..." అని నసిగాడు.

తెరిచి చూపించాడు. ఒకే ఫోల్డరులో నలభై దాకా ఫైళ్లు. సైట్ ప్లాను ఒక్కదానికే పదకొండున్నాయి. సైట్ ప్లాన్ ఫైనల్. సైట్ ప్లాన్ ఫైనల్ 2. సైట్ ప్లాన్ ఫైనల్ కొత్తది. సైట్ ప్లాన్ ఫైనల్ సార్ చెప్పింది. సైట్ ప్లాన్ ఓకే. సైట్ ప్లాన్ ఓకే ఫైనల్. మిగతా అయిదింటి పేర్లూ ఆ వరసే.

"ఏది ఫైనల్ నాయనా?" అన్నాను.

"తారీఖు చూసి, అన్నిట్లోకీ కొత్తది తీసుకుంటాం తాతగారూ."

సరే, ఆ కొత్తదే తెరవమన్నాను. తెరిచాడు. భవనం వెనక వరండా ఉంది. ఆ వరండా కూలగొట్టి చాలా ఏళ్లయిందని ఆ కుర్రాడే చెప్పాడు. మరి కొత్త తారీఖెలా వచ్చింది? ఎవరో ప్రింటు కోసం పాత ఫైలు తెరిచారు, అక్షరాల సైజు కాస్త పెంచారు, సేవ్ కొట్టారు. అంతే. కంప్యూటరుకి తెలిసేది ఆఖరిసారి ఎప్పుడు సేవ్ చేశారన్నదే. గోడ ఎప్పుడు కూలిందో దానికేం తెలుసు?

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ముప్ఫై అయిదేళ్లు డ్రాయింగు షీట్ల మధ్య బతికినవాణ్ణి. 1976లో చేరాను, 2011లో రిటైరయ్యాను. అంతా ఈ గంజాం జిల్లాలోనే, ఒకే కార్ఖానాలో. దాని పేరు చెప్పను. నేను చెప్పే తప్పులు ఆ ఒక్కచోట జరిగినవే అయినా, ఇవాళ ప్రతి చోటా జరుగుతున్నాయి.

మా రోజుల్లో డ్రాయింగ్ ఆఫీసంటే పొడుగాటి హాలు. ఉత్తరం వైపు కిటికీలు, వరసగా ఎనిమిది బల్లలు. ఏ జీరో షీటంటే 841 మిల్లీమీటర్లకి 1189, అంటే ఒక చదరపు మీటరు కాగితం. దానిమీద రోజంతా వంగి గీయాలి. సముద్రం దగ్గర కాబట్టి గాలినిండా ఉప్పు, తేమ. ట్రేసింగు కాగితం వానాకాలంలో సాగేది, చలికాలంలో బిగిసేది. అందుకే ప్రతి షీటు మీదా ఒక మాట రాసేవాళ్లం: రాసిన కొలతే కొలత, స్కేలు పెట్టి కొలవొద్దు. ఎండాకాలంలో చెమట బొట్టు పడిందంటే రెండు రోజుల పని పోయినట్టే. మణికట్టు కింద చేతిరుమాలు లేకుండా పెన్ను పట్టనిచ్చేవారు కాదు. సుద్దపొడి చల్లి మెత్తటి గుడ్డతో తుడిస్తే గానీ ఆ కాగితం ఇంకు పట్టేది కాదు. తప్పు గీస్తే బ్లేడు మూలతో గీకి, రబ్బరుతో రుద్ది, గోటితో నున్నగా చేసి మళ్లీ గీయాలి. ఒకే చోట మూడోసారి గీకితే కాగితానికి చిల్లు పడేది.

ఆ చిల్లు భయమే మాకు బుద్ధి నేర్పింది. ఏ గీతైనా మార్చమంటే, "ఎవరు మార్చమన్నారు, ఎందుకు, రాసిచ్చారా?" అని అడిగేవాళ్లం. మార్పుకి వెల ఉండేది. ఇప్పుడు మీట నొక్కితే గీత పోతుంది, ఇంకో మీట నొక్కితే తిరిగొస్తుంది. అడిగేవాడూ లేడు, రాసిచ్చేవాడూ లేడు.

అయితే నా ఫిర్యాదు గీతల గురించి కాదు. గీతలు ఇప్పటి పిల్లలే బాగా గీస్తారు. నేను వందసార్లు దిద్దినా రానంత సాపుగా వస్తున్నాయి వాళ్లవి. నా బాధంతా రిజిస్టరు గురించి.

మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారి బల్లమీద ఎర్ర బైండు రిజిస్టరు ఒకటి ఉండేది. ఆయన్ని మేమంతా పెద్దాయన అనేవాళ్లం. శ్రీకాకుళం వైపు మనిషి, గొంతు పెంచి ఎరగరు. కానీ ఆ రిజిస్టరులో నంబరు పడకుండా పెన్సిలు గీత గీశామో, ఆ షీటు మడిచి తన సొరుగులో పెట్టుకునేవారు. నంబరు రాయించుకుని వస్తే తిరిగిచ్చేవారు. ముందు నంబరు, తరవాత గీత. ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం ఇదే.

నంబరు కూడా ఇష్టమొచ్చినట్టు ఇచ్చేది కాదు. సి అంటే సివిలు, ఎస్ అంటే ఇనుప కట్టుబడి, పి అంటే పైపులు, ఈ అంటే కరెంటు. తరవాతి రెండంకెలూ కార్ఖానాలో ఏ ప్రాంతమో చెబుతాయి. ఆ తరవాత వరస సంఖ్య. చివర రివిజను. పి 04 112, రివిజన్ 3 అన్నామంటే నాలుగో ప్రాంతంలో నూట పన్నెండో పైపుల షీటు, మూడుసార్లు మారింది. ఆ నంబరే సొరుగు మీదా ఉండేది. మా అటెండరుకి చదువు రాదు, అంకెలొచ్చు. చీటీ మీద నంబరు రాసిస్తే రెండు నిమిషాల్లో షీటు తెచ్చి చేతిలో పెట్టేవాడు. ఇవాళ ఇంజనీరింగు డిగ్రీ ఉన్నవాళ్లు అదే షీటు కోసం పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా వెతకడం నేను కళ్లారా చూశాను.

షీటుకి కుడివైపు కింది మూల టైటిల్ బ్లాకు. భారతీయ ప్రమాణాల సంస్థ వేసిన ఎస్పీ 46 పుస్తకంలో దాని కొలత 185 మిల్లీమీటర్లకి 65. అందులో గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు, మూడు సంతకాలు. ప్రింటు ఎలా మడవాలన్నదానికి కూడా ప్రమాణం ఉంది. ఎంత పెద్ద షీటైనా మడిచాక ఆ బ్లాకే పైకి కనపడాలి. కట్టలో నూరు షీట్లున్నా విప్పకుండా నంబరు చదువుకోవచ్చు. ఇంత చిన్న విషయానికి ప్రమాణమేమిటని చేరిన కొత్తలో నేనూ అనుకున్నాను. రాత్రి షిఫ్టులో పంపు ఆగి, టార్చిలైటు వెలుతురులో షీటు వెతుక్కున్ననాడు తెలిసొచ్చింది.

ఇంకొక కట్టడి ఉండేది. అదే అన్నిటికంటే గొప్పదని ఇప్పటికీ అంటాను. ఒరిజినల్ ట్రేసింగు ఆ గది గడప దాటేది కాదు. బయటికి పోయేది అమోనియా ప్రింటే. ప్రింటు తీసే గదిలోకి వెళ్తే కళ్లు మండి నీళ్లు కారేవి, ఆ ఘాటు చొక్కాకి పట్టి ఇంటిదాకా వచ్చేది. ఆ ప్రింటు ఎవరికిచ్చామో, ఎన్నిచ్చామో, ఏ తారీఖునో రిజిస్టరులో సంతకంతో సహా ఉండేది. రివిజను మారితే పాత ప్రింటు తెచ్చిచ్చినవాడికే కొత్తది. పాతదాని మీద అడ్డంగా ఎర్రసిరా ముద్ర, రద్దు అని. ఫోర్‌మన్లు మాతో పోట్లాడేవారు. "పనాగిపోయింది బాబూ, ముందు కొత్తదియ్యి, పాతది రేపు పంపిస్తా" అనేవారు. పెద్దాయన కుదరదనేవారు. దాంతో సైటులో ఒక్కో షీటుకి ఒకే ప్రాణం ఉండేది. రెండు రకాల ప్రింట్లు పట్టుకుని ఇద్దరు మేస్త్రీలు రెండు చోట్ల తవ్వడమన్నది జరగలేదు.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. 1936 దాకా ఈ గంజాం మద్రాసు రాజధానిలోదే కదా. 1866 కరువు ఈ జిల్లాని తుడిచిపెట్టాక, 1890 దశకంలో రుషికుల్య కాలువలు, సొరడా, రస్సెల్‌కొండ జలాశయాలు కట్టారు. రస్సెల్‌కొండే ఇప్పటి భంజనగర్. ఆ కాలపు డ్రాయింగొకటి, నూలుగుడ్డ మీద గీసింది, నా ఉద్యోగపు తొలి రోజుల్లో ఒకరు చూపించారు. ఇటుకకి ఎరుపు, ఇనుముకి నీలం, కొయ్యకి గోధుమరంగు చేత్తో పూసి ఉన్నాయి. రంగులు కొంచెం వెలిశాయంతే. మూలన నంబరుంది, సంతకాలున్నాయి, ఫలానా తారీఖున ఫలానా తూము మార్చామని ఎర్ర సిరాతో రాసుంది. గీసినవాడు ఎవరో, ఏ ఊరివాడో మనకి తెలియదు. అతడి షీటు మాత్రం అప్పటికి ఎనభై ఏళ్లు దాటినా చదివితే అర్థమవుతోంది.

మా ఆఫీసులోకి కంప్యూటరు 1994లో వచ్చింది. ఆటోక్యాడ్ అమెరికాలో 1982 డిసెంబరులో పుట్టిందట, మా దాకా రావడానికి పన్నెండేళ్లు పట్టింది. ఏసీ గదిలో ఒకటే యంత్రం. చెప్పులు బయట విడిచి వెళ్లేవాళ్లం. మొదటి వారంలోనే నేను దానికి దాసోహమన్నాను, అబద్ధం ఎందుకు? వస్తువుని అసలు కొలతకే గీసుకోవచ్చు, స్కేలు సంగతి ప్రింటు తీసేటప్పుడు చూసుకోవచ్చు. లేయర్లు చూసి మరీ మురిసిపోయాను. మేం గాజుబల్ల కింద దీపం పెట్టి, గోడల షీటు మీద పైపుల షీటు, దానిమీద కరెంటు షీటు పరిచి చూసేవాళ్లం. అదే పని ఇక్కడ ఒక్క ఫైల్లో. కావలసిన పొర వెలిగించు, అక్కర్లేనిది ఆర్పు.

కానీ మూడేళ్లు తిరక్కుండానే రిజిస్టరు మూతపడింది. పెద్దాయన అప్పటికే రిటైరయ్యారు. కొత్తగా వచ్చిన పైఅధికారి, "అన్నీ కంప్యూటరులో ఉంటాయి కదా, ఇంకా ఈ పుస్తకం ఎందుకు?" అన్నారు. మేం ఊరుకున్నాం. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. ఆ రోజు నేను గట్టిగా అడ్డం తిరగాల్సింది.

అక్కణ్ణించి ఫోల్డర్లకి మనుషుల పేర్లు వచ్చాయి. ఫలానావారి ఫోల్డరు, ఫలానావారి పాత ఫోల్డరు. మనిషి బదిలీ అయితే ఆయన ఫోల్డరు ఎవరికీ పట్టదు. నేల కింద పైపులు మటుకు ఎక్కడికీ బదిలీ కావు! లేయర్లదీ అదే గతి. ఒకరు గోడల పొరకి గోడ అని పెట్టారు, ఇంకొకరు వాల్ అని, మూడో ఆయన పేరే పెట్టకుండా సున్నా పొర మీద అంతా గీసేశారు. మూడు షీట్లు కలిపితే ఏ పొర ఆర్పాలో ఎవరికీ తెలియదు. దేశదేశాల్లో దీనికి పద్ధతులున్నాయి. అమెరికా ఆర్కిటెక్టులు 1990లోనే లేయర్ల పేర్లకి నియమావళి వేశారు, ఐఎస్‌ఓ వాళ్లు 13567 నంబరుతో ప్రమాణమే పెట్టారు. అవేవీ మనకి నచ్చకపోతే మన పద్ధతి మనం రాసుకోవచ్చు. ఏదో ఒకటి రాసి గోడకి అంటించి, అందరూ అదే పాటిస్తే చాలు. ఆ కాగితం ముక్కే లేదు.

2003లో ఏం జరిగిందో చెబుతాను. మురుగు కాలువ కోసం తవ్వకం. మేస్త్రీ చేతిలో కంప్యూటరు ప్రింటు నిగనిగలాడుతోంది. దాని ప్రకారం అక్కడ కింద ఏమీ లేదు. గడ్డపార రెండడుగులు దిగేసరికి పెద్ద మంట, చెవులు గింగిరుమనే చప్పుడు. పదకొండు వేల వోల్టుల కేబుల్. గడ్డపార పట్టిన మనిషి రబ్బరు బూట్లతో ఉన్నాడు, పక్కకి విసిరేసినట్టు పడ్డాడు. బతికాడు. ఆ రాత్రంతా కార్ఖానా చీకటి. తరవాత వెతికితే తేలిందేమిటంటే, ఆ కేబుల్ దారి మార్చి రెండేళ్లయింది. మార్చినట్టు గీసిన ఫైలు కూడా ఉంది. ఇంకొకరి ఫోల్డరులో ఉంది. ప్రింటు తీసింది దాని ముందు ఫైలు నుంచి. రెండింటి పేరులోనూ ఫైనల్ ఉంది.

ఆ మనిషి పెళ్లాం మర్నాడు గేటు దగ్గర నిలబడి ఉంది. ఎవరినీ ఏమీ అడగలేదు. ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ కళ్లకి కడుతుంది.

మా ఇంటావిడ ఆవకాయ జాడీలకి కాగితం కట్టి ఏడాది రాస్తుంది. పాతావకాయ ఏదో కొత్తావకాయ ఏదో మూత తీయకుండానే తెలుస్తుంది. పాతది అడుగంటే దాకా కొత్త జాడీ వాడకంలోకి రాదు. వంటింట్లో ఉన్నపాటి క్రమం కోట్ల రూపాయల కట్టడాల కాగితాలకి లేకపోతే ఎలా?

ఇక పైలీన్ తుపాను. 2013 అక్టోబరు 12 రాత్రి, దసరా రోజుల్లో, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గంటకి రెండు వందల కిలోమీటర్లకి మించిన గాలి. లక్షలమందిని ముందే తరలించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. చెట్లూ స్తంభాలూ రేకుల కప్పులూ మాత్రం మిగల్లేదు. కరెంటు రోజుల తరబడి లేదు. నేను రిటైరయి రెండేళ్లయినా కబురొచ్చింది: "కప్పులు మళ్లీ వెయ్యాలి, మీరొకసారి రావాలి మాస్టారూ" అని. వెళ్లాను. కంప్యూటర్లున్న గది కిటికీ ఊడి, నీళ్లు మోకాలెత్తున నిలిచి, డ్రాయింగులు దాచిన పెట్టె మునిగి ఉంది. దానికి నకలు ఉందా అన్నాను. ఉందన్నారు. ఎక్కడ? అదే గదిలో, పక్క బల్ల సొరుగులో.

పాత స్టోరులో గోద్రెజ్ బీరువా ఒకటి మూలన తుప్పు పట్టి ఉంది. తాళం పగలగొట్టించాను. పై అరల్లో ట్రేసింగులు పొడిగా ఉన్నాయి. ఎస్ వరసలో కప్పు దూలాల షీట్లు, 1980ల నాటివి, అన్నీ దొరికాయి. కిరసనాయిలు దీపం వెలుగులో వాటినే చూసి ఇనుము లెక్క కట్టాం. అయితే అవీ 1997 దాకానే పనికొచ్చాయి. ఆ తరవాత కట్టిన షెడ్లకి కాగితమూ లేదు, ఫైలూ లేదు. నిచ్చెనెక్కి టేపు పట్టి మళ్లీ కొలుచుకున్నారు.

తరవాత కొన్ని ఫైళ్లు పాత యంత్రం ఒకదానిలోంచి బయటపడ్డాయి. సంతోషించాం. తెరిస్తే షీటు మధ్యలో ఖాళీ, ఒక మూల చిన్న అక్షరాల వరస. ఎక్స్‌రెఫ్ అంటారు, ఒక ఫైలు ఇంకొక ఫైలుని తనలోకి పిలిచి చూపించే ఏర్పాటు. చక్కటి ఏర్పాటే. స్తంభాల షీటు ఒక్కసారి గీసుకుంటే, మిగతా షీట్లన్నీ దాన్నే పిలుచుకుంటాయి. కానీ వాటిలో రాసుకున్న దారి ఎప్పుడో తీసి పారేసిన కంప్యూటరు డీ డ్రైవుది. ఇల్లు మారినవాడికి పాత చిరునామాకి ఉత్తరం వేసినట్టయింది. పక్కపక్కనే పెట్టి, ఒకే ఫోల్డరు లోపలి దారి ఇచ్చుంటే ఆ షీట్లు ఇవాళ్టికీ తెరుచుకునేవి.

కుర్రాళ్లని నేను తప్పు పట్టను. వాళ్లకి గీయడం నేర్పినవాళ్లు దాచడం నేర్పలేదు. ప్రాజెక్టు ఏడాదికో రెండేళ్లకో అయిపోతుంది, ఫైనల్ అని పేరు పెట్టి బిల్లు తీసుకుని కాంట్రాక్టరు వెళ్లిపోతాడు. భవనం యాభై ఏళ్లు ఉంటుంది. ఆ యాభై ఏళ్లలో గోడ జరుగుతుంది, పంపు మారుతుంది, కొత్త కేబుల్ పడుతుంది. భవనానికి ఫైనల్ అన్నదే ఉండదు. రివిజనే ఉంటుంది. ఈ సంగతి తెలిసిన మనిషి ఒకరు, అది నా బాధ్యత అనేవారు ఒకరు, ప్రతి కార్ఖానాలోనూ, ఆస్పత్రిలోనూ, కాలేజీలోనూ జీతం మీద ఉండాలి. మా రోజుల్లో ఉండేవారు. ఆ ఉద్యోగమే తీసేశారు.

సోమవారం పొద్దున్న ఆ కుర్రాణ్ణి మళ్లీ పిలిచాను. ముందు చేత్తో రెండు గోతులు తవ్వించి పైపు ఎక్కడుందో కళ్లతో చూసుకోమన్నాను, యంత్రం దించొద్దన్నాను. దొరికింది, ఏ ఫైనల్‌లోనూ లేనిచోట. కొలతలు రాసుకుని కొత్త షీటు గీశాడు. పేరు పెట్టబోతుంటే ఆపి, నూరు పేజీల నోటుబుక్కు చేతికిచ్చాను. మొదటి వరసలో నంబరు, షీటు పేరు, రివిజను, తారీఖు, ఎవరు గీశారు, ఎవరు చూశారు. ఫైలు పేరు ఆ నంబరే, మరో మాట లేదు. మిగతా పదకొండూ పాతవి అనే ఫోల్డరులోకి పంపించాం. చెరపలేదు, రేపు ఎవరైనా అడిగితే చూపించాలి కదా. పక్కన పీడీఎఫ్ ఒకటి తీయించాను, సాఫ్ట్‌వేరు లేనివాళ్లూ చదువుకునేలా. ఒక నకలు ఇచ్ఛాపురంలో వాళ్ల మేనమామ ఇంట్లో ఉన్న కంప్యూటరుకి పంపమన్నాను. ఒకే తుపానుకి రెండూ చిక్కకుండా ఇంకా దూరమైతే మరీ మంచిది.

ఈ ఏర్పాటుకి నోటుబుక్కు ధర తప్ప పైసా ఖర్చు కాలేదు. మీరు ఏ కట్టడంలో పనిచేస్తున్నా రేపు ఆఫీసుకి వెళ్లగానే ఒక మాట అడగండి: మన నేల కింద పైపులు, కేబుళ్లు చూపించే షీటు నంబరెంత, ఎన్నో రివిజను, అది ఎవరి పూచీ? జవాబు రాకపోతే మరునాటికి వాయిదా వెయ్యకండి, ఆ రోజే నోటుబుక్కు తెరవండి.

మా పక్కవీధి కుర్రాడి పుస్తకంలో నిన్నటికి ఇరవై ఏడు నంబర్లు పడ్డాయి.